మా అమ్మ మెచ్చిన రేటు

నా చిన్నప్పుడు మా అమ్మ నమ్మిన మారకం రేటు ఒక్కటీ లేదు. మాది కడప. నాన్న సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక కంపెనీలో స్టోర్‌కీపరు, కాపురం ఆ ఊళ్ళోనే అల్ అజీజియా పేటలో. జీతాలొచ్చిన గురువారం సాయంత్రం ఇంటికి డబ్బు పంపేవాళ్ళంతా డబ్బు మార్చే దుకాణాల ముందు చేరేవారు. మిగతావాళ్ళు ఒక దుకాణం రేట్ల బోర్డు చూసి పంపేసేవారు. అమ్మ మాత్రం నాన్ననూ నన్నూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పేది. ఎక్కడైనా నాలుగు పైసలు ఎక్కువిస్తామంటే సంతోషించేది కాదు, ఎందుకిస్తున్నారో తేలేదాకా కదిలేది కాదు. "ఊరికే ఎవురిస్తారు?" అనేది. ఆ తేడాతో నాన్న అరగదీసిన చెప్పుల ఖర్చు వచ్చేదో లేదో గానీ, లెక్కల్లో నాకొచ్చిన కాసిని మార్కులు మాత్రం ఆ బోర్డుల చలవే.

మా పై అంతస్తులో సూడానీ ఖాలా, ఎదురింట్లో మిస్రీ ఖాలా ఉండేవారు. మా ఇళ్ళల్లో పిన్నిని ఖాలా అంటాం. ఈజిప్టు వాళ్ళను అక్కడందరూ మిస్రీలంటారు. సూడానీ ఖాలా కొడుక్కి కంటిలో పొర పెరుగుతోంది. కైరోలో ఆపరేషన్ చేస్తామన్నారు, ఆలస్యమైతే ఆ కన్ను దక్కదన్నారు. ఆమె భర్త లారీ డ్రైవరు, కంపెనీ జీతాలు ఆపేసింది. అయినా ఆమె ఎవరి ముందూ చెయ్యి చాపే మనిషి కాదు. ఆమె దగ్గరున్నదల్లా పెళ్ళి నాటి నుంచి బిస్కెట్ల డబ్బాలో దాచుకున్న సూడాన్ నోట్లు. ఆమె పెళ్ళప్పుడు సూడాన్ పౌండూ ఈజిప్టు పౌండూ ఇంచుమించు సమానంగా చెల్లేవట.

సెలవు మీద కైరో వెళ్తున్న మిస్రీ ఖాలా, తల్లీకొడుకులను తన వెంట తీసుకెళ్తానంది. ఆ నోట్లన్నీ తనకిమ్మంది. తన అన్న సూడాన్ నుంచి నువ్వులు తెప్పించే వ్యాపారి అనీ, అతనికి ఆ నోట్లే కావాలనీ, పాత లెక్కనే, నోటుకు నోటు ఇస్తాడనీ చెప్పింది.

ఈ మాట మా ఇంటికి చేరగానే అమ్మకు నిద్ర పట్టలేదు. సూడాన్ నోటు ఎక్కడో పెరిగింది, ఆ సంగతి ఈ మిస్రీ ఆమెకు ముందే తెలిసింది, అందుకే ఎగరేసుకుపోవాలని చూస్తోందని తేల్చేసింది. అమ్మ అరబీ అంతా కూరగాయల అంగట్లో నేర్చింది. అందులో 'తక్కువ', 'వద్దు' అన్నవి గట్టిగా వచ్చు. వాటితోనే పైకెళ్ళి సూడానీ ఖాలా మనసు విరిచి వచ్చింది. ఆమెకూ లోపల అనుమానం ఉన్నట్టుంది, డబ్బా మళ్ళీ పెట్టెలోకి పోయింది. ప్రయాణం శనివారం. ఆ పిల్లవాడు మెట్లు తడుముకుంటూ దిగుతున్నాడు.

గురువారం అమ్మ ఒక సూడాన్ నోటు అడిగి తీసుకుని మమ్మల్ని బజారుకు నడిపించింది. వెళ్ళిన ప్రతి చోటా తల అడ్డంగా ఊపారు. చివరి దుకాణంలో కౌంటరు దగ్గర మన కరీంనగర్ అతను ఉన్నాడు. నోటును అటూ ఇటూ తిప్పి జాలిగా చూశాడు.

"సమానం ఎన్నడో పాయె అక్కా. ఇప్పుడు ఒక్క మిస్రీ నోటు కావాలంటే ఇసొంటియి గుప్పెడు పెట్టాలె. గవి గూడ ఈడ ఎవ్వలు తీసుకోరు."

తిరిగి వస్తుంటే అమ్మ అనుమానానికి ఎటు పోవాలో దిక్కు తోచలేదు. "మరి వాళ్ళన్న ఎందుకు తీసుకుంటాండాడు? పిచ్చోడా ఏమన్నా?" అని నాన్ననడిగింది. నాన్న ఎప్పటిలాగే ఆకాశం వైపు చూశాడు.

"మిస్రీ ఖాలాకు అన్న యాడుండాడుమా?" అన్నాను నేను. "వాళ్ళింట్లో అందరూ ఆడపిల్లోళ్ళే. మొగపిల్లోడు లేడని వాళ్ళ నాయన దిగులు పడేవాడని నాతో చెప్పింది."

అమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక కారు హారన్ కొట్టినా కదల్లేదు.

ఇంటికి రాగానే పైన వేసుకున్న నల్ల అబాయా కూడా తీయకుండా పైకెళ్ళింది, వెనకాలే నేను. సూడానీ ఖాలా తలుపు తీసింది. అమ్మ తన కూరగాయల అరబీలో నాలుగు మాటలే అంది. బోర్డు చూశాను. రేటు మంచిది. ఇచ్చెయ్.

సూడానీ ఖాలా చాలాసేపు అమ్మ ముఖంలోకి చూసింది. ఉల్లిపాయను కూడా వెలుతురులో తిప్పి చూసి గాని కొనని మనిషి ఈ మాట అంటోందంటే ఇక చూసుకోవాల్సింది ఏముందనుకుందో ఏమో, పెట్టె తెరిచింది. ఇన్నేళ్ళ అనుమానంతో అమ్మ కూడబెట్టిన పరపతి అంతా ఆ ఒక్క అబద్ధానికి ఖర్చయింది. డబ్బా ఎదురింటికి చేరినప్పుడు అమ్మా మిస్రీ ఖాలా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నోట్లు చేతులు మారాయి, ఎవరి నోరూ జారలేదు.

పిల్లవాడు కన్ను దక్కించుకుని వచ్చాడు. వచ్చీ రాగానే నా ముక్కు మీది మచ్చ గురించి అడిగాడు. అది తప్ప అంతా సంతోషమే.

కొన్నేళ్ళకు మిస్రీ ఖాలా వాళ్ళు ఖోబర్ వదిలి వెళ్ళిపోతున్నప్పుడు ఆమె నన్ను పక్కకు పిలిచింది. ఆ డబ్బాలోని నోటొకటి నా చేతిలో పెట్టింది. "మా అన్న నీకిమ్మన్నాడు" అంది, నవ్వకుండా.

నాకిప్పుడు జుట్టు నెరిసింది. రేట్లు ఫోన్‌లోనే కనిపిస్తున్నా ఒకదానికి మూడు యాప్‌లు చూస్తాను. రక్తం ఎక్కడికి పోతుంది? ఎవరైనా ఎక్కువిస్తామంటే నేనూ అమ్మలాగే "ఊరికే ఎవరిస్తారు?" అనుకుంటాను. కాకపోతే కొందరు ఇస్తారని తెలుసు కాబట్టి, తలుపు వేసేముందు కాస్త ఆగుతాను. ఖాలా ఆ నోటు ఇచ్చిన తరువాత సూడాన్ తన నోట్లను ఒకటికి రెండుసార్లు మార్చేసింది. నా పర్సులో ఉన్నది ఇప్పుడు ఎక్కడా చెల్లదంటారు. ఏ దుకాణంలోనూ నేను అడగలేదు.