రూమీ టోపీ మీద కారం

ఆ రోజుల్లో పిల్లల పెంపకం గురించి ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. తిండి పెట్టేవారు, తిట్టేవారు, ఆ మధ్యలో మేమే పెరిగేవాళ్ళం. మా బాపు మాత్రం కొంచెం వేరే తీరు మనిషి. జొన్న కంకులు పాలు పోసుకునే వేళకు చేలో మంచె వేసి, దాని మీదికి పన్నెండేళ్ళ నన్ను ఎక్కించాడు. (మా ఊరు లింగాల ఘనపూర్‌కు కూతవేటు దూరం.) చేతికి పిట్టలను కొట్టే వడిసెల, పక్కన ఖాళీ నూనె డబ్బా. ఊళ్ళన్నీ దొరల మీద తిరగబడ్డ సంఘం రోజులవి. సర్కారు లెవీ కింద గింజలు ఊడ్చుకుపోవడానికి దొర మనుషులూ, వాళ్ళ వెంట కుచ్చు వేలాడే రూమీ టోపీ పెట్టుకున్న పోలీసు అమీనూ ఎప్పుడు దిగుతారో తెలియదు. వాళ్ళు కనపడగానే డబ్బా మోగాలి. మోగితే ఆడవాళ్ళంతా కారం, రోకళ్ళు పట్టుకుని బయటికి రావాలి. "ఆడపిల్ల చేతుల గంత పని పెడ్తవారా?" అని నాయనమ్మ లబలబలాడింది. "దానికి కండ్లు లెవ్వా అవ్వా?" అన్నాడు బాపు. నాతో నవ్వుతూ, "కనవడంగనె కొట్టు బిడ్డా. దిగొచ్చి నన్నడుగుడేం లేదు" అన్నాడు. ఆ మాటతో నేను ఎంత ఎత్తు ఎదిగానంటే, ఇక మంచె అవసరమే లేదనిపించింది.

ఒక పొద్దున జనగామ బాటలో దుమ్ము లేచింది. దుమ్ములో రెండు బండ్లు, ముందు బండిలో ఎర్రటి రూమీ టోపీ! ఇంకేముంది, డబ్బా పగిలేట్టు బాదాను. అందరికన్నా ముందు మా అమ్మే ఉరికింది. గుప్పిళ్ళ కొద్దీ కారం లేచింది. ఎదురుగాలికి సగం మావాళ్ళ కళ్ళలోనే పడింది. మిగతా సగం పడ్డవాళ్ళు తుమ్ముల మధ్య మొత్తుకున్నారు: "కొట్టకుండ్రమ్మా! పిల్లను సూడ వచ్చినం!" అయ్యో రామా! వాళ్ళు మా అక్కను చూడ్డానికి వచ్చిన పెళ్ళివారు. మరునాడు వస్తామన్నవాళ్ళు మంచిరోజని ముందే బయలుదేరారు. టోపీ పిల్లవాడి మేనమామది. కచేరీలో గుమాస్తా కదా, దర్జాగా ఉంటుందని పెట్టుకొచ్చాడట. (అది తర్వాత పేడకుప్పలో దొరికింది.)

సాయంత్రం పెద్దమనుషులు మా వాకిట్లో చేరారు. "రేపట్నించి మంచె మీద మొగపిల్లగాన్ని పెట్టు" అన్నారు. తలుపు వెనక నాకు భయం పట్టుకుంది. పెళ్ళి తప్పిపోతుందని కాదు (పాపం అక్క!), నా మంచె పోతుందని. బాపు నిమ్మళంగా అన్నాడు: "టోపీ సూసింది, కొట్టింది. నేనుంటె నేను గూడ కొట్టేటోన్నే. గాయిన నిజంగ అమీనే అయ్యుండి, పిల్ల జర ఆగి సూద్దామనుకుంటె మన గింజలు మిగులునా?" బాపు నావైపు తిరిగి, "రేపు ఎక్కుతవా బిడ్డా?" అన్నాడు. నన్ను అడిగాడు, అందరి ముందు! "ఎక్కుత" అన్నాను. "అయితె ముందుగాల ఆ మామకు ఇంకిన్ని నీళ్ళియ్యి పో, కండ్లు ఇంక మండుతున్నయట."

పెళ్ళి మాత్రం జరిగింది. ఇప్పటికీ కూరలో కారం ఎక్కువైతే మా బావ నా మొహమే చూస్తాడు. చాలా ఏళ్ళకు ఒకసారి, "నన్నట్ల ఒక్కదాన్నే ఎక్కిస్తివి, నీకు భయం గాలేదా బాపూ?" అని అడిగాను. "ఎందుకు గాలె? నువ్వు దిగొచ్చేదాక బువ్వ సయించకపోతుండె. గది నీకు చెప్తె ఎక్కుతుంటివా?" అన్నాడు. నేనైతే నా పిల్లలు చెప్పుల్లో కాలు పెట్టకముందే నా భయాలన్నీ వినిపించి పెంచాను. మొన్న మనవరాలు, "ఒక్కదాన్నే కాజీపేట పోయొస్త అమ్మమ్మా" అంటే, ఒక్క మాట మాట్లాడకుండా, అది వీధి మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డాను. దవడలు నొప్పి పుట్టాయి. పంటకాలమంతా బాపు ఈ నొప్పి ఎట్లా ఓర్చుకున్నాడో అనుకుంటే, అప్పుడు నిజంగానే నవ్వొచ్చింది.