ఎల్లారెడ్డిల మా పొగ పోటీ

ఆదివారం ఎల్లారెడ్డిల నేను చేసిన ఘనకార్యం మీకింకా తెల్వదా? అయితే నా నోటితోనే వినుండ్రి. రజితక్క చెప్తే నా పరువు ఇంకింత పోతది.

అక్కడ స్కౌట్స్ అండ్ గైడ్స్ క్యాంపుల మంట పెట్టే పోటీ. రెండు గుంజలు పాతి, మోకాలెత్తున సుతిలి తాడు కడ్తరు. దాని కింద మంట పెట్టాలె. ఎవల సుతిలి ముందు కాలి తెగితే వాళ్లే గెలిచినట్టు. కాయితం వద్దు, కిరోసిన్ వద్దు. టీముకు రెండే అగ్గిపుల్లలు. గెలిచినోళ్లు రాష్ట్ర క్యాంపుకు పోతరు. ఫైనల్ల మిగిలింది మా కామారెడ్డి, వాళ్ల ఎల్లారెడ్డి.

మా లీడర్ రజితక్క ఇంటర్ సెకండియర్. ఆమెకు ఇదే ఆఖరి ఛాన్సు. మూడేండ్ల సంది సెమీస్‌లనే ఓడిపోతున్నది పాపం. కందికట్టె ఆమెనే తెచ్చింది, ఆమెనే పేర్చింది. నాకు అప్పజెప్పింది ఒక్కటే పని.

"పుల్ల గీయంగనే అంటుకునేది ఏదన్న తే. గంతే. నీ మీదనే ఉన్న."

"గదెంత పని అక్కా! మా ఇంట్ల సంచులకు సంచులున్నయి."

నిజమే. మా అమ్మ బీడీలు చేస్తది. తునికాకు కత్తిరించంగ మిగిలే ముక్కలు ఎండినయంటే, పుల్ల సూపిస్తే సాలు, భగ్గుమంటయి. పొద్దుగాల బస్సు తప్పిపోతదని ఉరుక్కుంట, వాకిట్ల కనవడ్డ సంచి ఎత్తుకున్న.

ఎల్లారెడ్డి లీడర్ మమత కొబ్బరిపీచు విడదీసుకుంట కూసున్నది. నా నోరు ఊకుంటదా? "ఏందక్కా, గిన్నెలు తోముతవా?" అన్న. వాళ్ల టీము కూడా నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఇంకింత హుషారెక్కింది. జడ్జి సారు దగ్గరికి పోయి ఒక పుల్ల వాపస్ ఇచ్చిన.

"మాకు ఒక్కటి సాలు సార్!"

రజితక్క ముఖం సూడాలె. "నిన్నెవలు ఇయ్యమన్నరే?"

"నువ్వు టెన్షన్ వడకు అక్కా."

విజిల్ వడ్డది. సంచిల చెయ్యి పెట్టిన. సల్లగ తగిలింది.

నా హుషారు గూడ గట్లనే సల్లవడ్డది. బీడీల ఆకును రాత్రి తడిపి, తడి గోనెల చుట్టి, మెత్తవడ్డంక పొద్దున కత్తిరిస్తరు. ఎండిన ముక్కల సంచి గోడకు వేలాడుతది. నేను ఎత్తుకొచ్చింది కింద పెట్టిన సంచి. అప్పుడే కత్తిరించిన తడి ముక్కలు! బీడీల ఇంట్ల పుట్టి, పదహారేండ్లు ఆ ఆకుల నడుమనే కూసోని అన్నం తిన్న నేను!

"గీయవే!" అని అక్క మొత్తుకున్నది.

గీసిన. ఆకు అంచు జర ఎర్రగైంది. తర్వాత పొగ. ఏం పొగనుకున్నరు! దోమల పొగబండి తిరిగినట్టు మైదానమంత నిండింది. సారు దగ్గుకుంట చెట్టు కిందికి పోయిండు. ఊదిన. కండ్లల్ల నీళ్లు. మల్ల ఊదిన. మల్ల పొగనే. అవుతల ఎల్లారెడ్డి మంట జానెడు లేచింది.

"ఇంకో పుల్ల తియ్యి" అన్నది అక్క. నేను చెట్టు కిందున్న సారు దిక్కు సూసిన. నేను వాపస్ ఇచ్చిన పుల్ల అప్పుడు ఆమెకు యాదికొచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండు! తను పేర్చిన కందికట్టె దిక్కు సూసుకుంట పెదవి కొరుక్కున్నది, అంతే. అప్పటిదాక నాకు అంతా ఆటనే. ఆమెకిదే ఆఖరి ఛాన్సని అప్పుడు ఎరుకైంది.

వాళ్ల మంటకు, సుతిలికి నడుమ బెత్తెడే ఉన్నది. రజితక్క దిగ్గున లేచింది. సీదా మమత దగ్గరికి నడిచింది. మా పొగకు మమత కండ్లు మూసుకోని ఊదుతున్నది.

"అక్కా, జర అగ్గియ్యవా?"

మా దిక్కు ఊర్లల్ల పొద్దున పొయ్యి అంటుకోకుంటే పక్కింటికి పోయి అగ్గి అడుగుతం. అడిగితే ఎవలూ లేదనరు. మమత గూడ కండ్లు తెరవకుండనే, అలవాటు కొద్ది, "తీస్కపో" అని మండే కట్టె ఒకటి గుంజి చేతికిచ్చింది!

"ఏయ్! గదేంది మమతా!" అని వాళ్ల టీము ఒర్రే లోపల్నే అక్క ఉరికొచ్చి కొరివిని మా కట్టెల కింద దోపింది. నా ఆకు అప్పటికే ఆ పొగల ఉడికి ఉడికి ఎండింది. భగ్గున లేచింది! కట్టె గుంజినందుకు వాళ్ల మంట జర కుంగింది. రెండు సుతిల్లూ నల్లవడ్డయి. ఎవలం ఊపిరి తీయలే. టప్!

మాదే తెగింది.

"సార్, గది మా అగ్గి!" అన్నది మమత. సారు రూల్సు కాయితం రెండుసార్లు తిరగేసిండు. "రెండు పుల్లలు దాటొద్దని ఉన్నది. వీళ్లు ఒక్కటే గీసిండ్రు. అగ్గి అడగొద్దని యాడ లేదు. అసలు నువ్వెందుకిచ్చినవ్ బిడ్డా?"

"అడిగితే అగ్గి లేదంటమా సార్?" అని ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నది. పొగకా, ఓడినందుకా అని అడిగే ధైర్యం నాకు లేకుండె.

మొత్తానికి రాష్ట్ర క్యాంపుకు పోతున్నం. వాపస్ వచ్చేటప్పుడు బస్సులనే కూసోని, అక్కడ ఎవలెవలికి ఏం పనో రజితక్క రాసింది. కట్టెలు తెచ్చుడు ఒకలకు, పేర్చుడు ఒకలకు, అంటిచ్చుడు ఇంకొకలకు. నా పేరు అందరికంటే ఆఖర్ల ఉన్నది. ఎదురుంగ "మంట ఆర్పుడు" అని రాసి ఉన్నది.

"గిదేందక్కా?" అన్న.

"ఆ పనిల నీకున్న అనుభవం మనల్ల ఇంకెవలకున్నదే?"