చెయ్యి పెట్టి చూడని తొట్టి

పోయిన వారం కుళాయి కొనడానికి అనంతపురం పోతే, ఆ దుకాణంలో ఈతకొలనులా మెరిసే నీలం తొట్టి ఒకటి వేడినీళ్లతో బుసకొడుతూ కనిపించింది. అమ్మేవాడు వదల్లేదు. "పడుకునే ముందు ఇరవై నిమిషాలు కూర్చోన్నా, మాత్ర లేకుండానే నిద్ర పడతాది" అన్నాడు. నాకు నేర్పొద్దని కసిరి బయటికొచ్చేశాను. నిజానికి కసరవలసింది అతణ్ణి కాదు.

మాది ధర్మవరం. మా నాయన గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. పగలంతా గుంటలో కాళ్లు పెట్టి తొక్కీ తొక్కీ, పొద్దుగూకేసరికి మోకాళ్లు బిగుసుకుపోయి, నిద్ర రాక మంచం మీద పొర్లేవాడు. దానికి మా వదిన ఒక ఉపాయం కనిపెట్టింది. దీపాలు పెట్టే వేళకు ఆయన్ను నడుములోతు వేడినీళ్ల తొట్టిలో అరగంట కూర్చోబెట్టేది. ఆ రోజు అన్నం తిని పడుకున్నాడంటే తెల్లారేదాకా గురకే. ఆ నీళ్లు ఎక్కడివో, పగలంతా పట్టునూలు అంగట్లో పనిచేసి వచ్చే నేను ఏనాడూ అడగలేదు.

వానలు మొహం చాటేసిన ఏడాది, ట్యాంకరు దగ్గర గంటలకొద్దీ నిలబడి, మోచేతి పోట్లు తిని, రెండు బిందెలతో ఇల్లు చేరాను. తొట్టి నిండా పొగలు కక్కుతున్న తేట నీళ్లు. నాయన అందులో కాలు పెట్టబోతున్నాడు. తాగే నీళ్లు తగలేస్తున్నావని వీధి వినేలా వదినను తిట్టాను.

"అరవద్దప్పా. చెయ్యి పెట్టి చూడు, నీకే తెలుస్తాది" అంది.

చెయ్యి పెట్టలేదు. కాలితో తన్నాను.

నీళ్లు గడప దాకా పారగానే ఉడికిన పట్టు వాసన గుప్పుమంది. వదిన ఇంట్లో పట్టునూలు జిగురు పోయేలా ఉడకబెట్టాక మూడోసారి కడిగిన వేడినీళ్లవి. చూడ్డానికి మంచినీళ్లే, తాకితే జిగురు. తాగడానికి పనికిరావు, పారబోయవలసినవే. ఆ వాసన నాకు తెలియక కాదు. అప్పటికే గడప ముందు ఇరుగుపొరుగు నిలబడి ఉన్నారు, నా పరువు నాకు ముఖ్యమైంది. మంచినీళ్లేనని మళ్లీ అరిచాను.

మర్నాడు ట్యాంకరు దగ్గర ఎదురింటావిడ వదినను చూసి, "ఏమ్మా, మీ ఇంట్లో బోరు పడిందంట కదా!" అని నవ్వింది. వదినను వరుసలో చివరికి నెట్టారు. ఆ తర్వాత వీధి వీధంతా ఆమెను బోరామె అనే పిలిచింది. నాయనకు ఆ సంగతి తెలిసి, "నా నిద్ర కోసరం నువ్వు మాటలు పడొద్దు లేమ్మా" అన్నాడు. మళ్లీ తొట్టిలో దిగలేదు. మగ్గం మీదే కునుకుతూ, పోగులు తెంపుకుంటూ, కంటినిండా నిద్ర లేకుండానే పోయాడు.

ఆమె ఒక్క చెంబుడు మంచినీళ్లు కూడా వృథా చేయలేదు. అబద్ధం నాది. ఇన్నేళ్లకు మొన్న వదిన ఇంటికి పోయి ఈ మాటే చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసప్పా. వాసన తగిలినాక నీ మొగం చూసినా కదా. నాకేం చెప్తావు, మామకు చెప్పాల్సింది."

ఇప్పుడు మా వీధిలో గుంట మగ్గాలు లేవు. పట్టు ఇళ్లల్లో ఉడకబెట్టడం లేదు. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. నిద్ర మాత్రం నాకు రావడం లేదు. వేడినీళ్లు కాచుకొని కూర్చోవచ్చు, వదిన కనిపెట్టిన ఉపాయం ఎలాగూ తెలుసు. కాని ఆ తొట్టిలో దిగే హక్కు నాకు లేదు.