మొలతాడు కొస

ఏళ్ల కిందట మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సులో ఒక లావుపాటి రైతు నా పక్కన కూర్చున్నాడు. నేనూ లావే. సీటు మాకు చాలలేదు.

"షుగరొచ్చినప్పటి సంది రోజూ కాలువకట్ట మీద నడుస్తున్న. మస్తు తగ్గిన," అన్నాడు. నేను ఆయన తొడల వంక అనుమానంగా చూశాను.

"తోలు కింది కొవ్వు మొండిది సార్, జల్ది పోదు. పేగుల సుట్టు ఉన్నదే ముందుగాల కరుగుతదని, పానం తీసేది గదేనని డాక్టరు సెప్పిండు."

చొక్కా ఎత్తి మొలతాడు చూపించాడు. బిగించి కట్టిన కొత్త ముడి కింద జానెడు కొస వేలాడుతోంది.

"కోసెయ్యమంటది మా ఆమె. నేనెందుకు కోస్త?"

ఇప్పుడు నా మొలతాడుకూ బెత్తెడు కొస ఉంది. ఏం తగ్గావని ఎవరైనా అంటే, చొక్కా మీదుగా దాన్నొకసారి తడుముకుంటాను.