జట్కా తోలని డ్రైవరు

మా బావ అప్పలసూరి మహా మొండిఘటం. పైడమ్మక్క మొగుడు కాబట్టి బతికిపోయాడు, లేకపోతే ఎప్పుడో నాలుగు తగిలించేవాణ్ణి. టెక్కలి అవతల, సముద్రం ఒడ్డున మా ఊళ్లో పదేళ్లు ఉప్పునీటి కావడి మోశాడు. ఉప్పు మడులకు నీరిచ్చే మడుగు ఏటేటా కుంచించుకుపోయి, చివరికి చాపంత మిగిలింది. పని పోయింది. అక్కని పుట్టింట్లో వదిలి, నా వెంట భిలాయి వచ్చి, ఉక్కు కార్ఖానా రైలింజన్ల మీద నాలాగే ఖలాసీగా, అంటే డ్రైవరుకి చేతిసాయంగా, చేరాడు. ఇన్నేళ్లయినా హిందీ ముక్క రాదు.

అరవై మూడులో డ్రైవరు పరీక్ష పెట్టారు. నెగ్గితే కార్ఖానా వాళ్ల సెక్టారులో ఉండడానికి క్వార్టరిస్తారు, అక్కని తెచ్చుకోవచ్చు. తప్పితే ఇంకో రెండేళ్లు ఆగాలి. అక్కేమో ఉత్తరాల్లో ఒకటే పోరు. చదివి వినిపించేది నేనే కదా, ఆ తిట్లన్నీ ముందు నాకే తగిలేవి.

పరీక్ష రోజు ఇంజనులో తోడుగా నేనూ ఎక్కాను. పరీక్ష పెట్టే సాహెబు నిండు నీళ్ల చెంబు తెచ్చి ఇంజను లోపల నేల మీద పెట్టాడు. కరిగిన ఇనుము మోసే బళ్లను లాగేవాడి చెయ్యి ఎంత మెత్తనిదో చూడాలి మరి. "ఝట్కా నహీ," అన్నాడు వేలు చూపించి.

"జట్కానా? నానెప్పుడూ జట్కా తోల్నేదు బాబూ! ఉప్పునీళ్లు మోసినోణ్ణి," అన్నాడు బావ.

నాకు తల కొట్టేసినట్టయింది. "గుర్రబ్బండి కాదు బావా! కుదుపు రాకూడదంటన్నాడు."

"ఓస్, అంతేనా! జోరుగా నడిచినా కావడి ఒలకదురా. జోరు మారితేనే ఒలుకుతాది. మెల్లగా అందుకోవాల, మెల్లగా ఆపుకోవాల."

అన్నట్టే చేశాడు. ఇంజను ఎప్పుడు కదిలిందో నాకే తెలియలేదు. వేగం అందుకున్నా చెంబులో నీరు తొణకలేదు.

మలుపు తిరగ్గానే పట్టాల మీద ఇటుకల తట్టతో ఒక ఆడకూలీ. కూత పెట్టినా వినిపించుకోలేదు. బావ ఉన్నపళంగా బ్రేకు వేశాడు. చెంబు ఎగిరి సాహెబు బూట్ల మీద పడింది. నా నుదురు ఇనుముకు కొట్టుకుంది. ఆమెకు మూరెడు దూరంలో ఇంజను ఆగింది. ఆమె తట్ట అక్కడే పడేసి, మమ్మల్ని తిట్టుకుంటూ పక్కకు పోయింది.

కొంప మునిగిందనుకున్నాను. సాహెబు బూట్లు విదిలించుకుని, ఆమె వెళ్లిన వైపు కాసేపు చూశాడు. కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టాడు. "పానీ ఫిర్ భర్ లేంగే," అని బావ భుజం తట్టి దిగిపోయాడు. నీళ్లదేముంది, మళ్ళీ నింపుకుందాం అని.

బావ నా చొక్కా పట్టుకున్నాడు. "ఏటన్నాడ్రా గోపాలం? సెప్పరా, ఏటన్నాడు?"

ఏడుపు తన్నుకొచ్చింది నాకు. "అక్కని తెచ్చీమన్నాడు, బావా."