చందా కాదు, బాకీ

2023 ఎండాకాలం. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, ఒక గల్లీ లోపల నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. దాని మూడో అంతస్తులో రెండు ఫ్లాట్లు కిరాయికి తీసుకొని లేడీస్ హాస్టల్ నడుపుతున్న. కోఠిలో చదువుకునే పిల్లలు, అబిడ్స్ దుకాణాల్లో, దవాఖానల్లో కొలువు చేసే పిల్లలు నా దగ్గర ఉంటరు. మా పనిలో గది అనరు, బెడ్డు అంటరు. గదికి మూడు మంచాలు వేస్తే త్రీ షేరింగ్, నాలుగు వేస్తే ఫోర్ షేరింగ్. కిరాయి గదికి కాదు, మంచానికి. ఊరికే తిరిగే ఫ్యాన్ ఆపేది నేనే, పళ్లెంలో అన్నం వదిలితే అరిచేది నేనే. పిల్లలు ముఖం మీద అమ్మమ్మా అంటరు, వెనుక జైలరమ్మ అంటరు. రెండూ నాకు తెలుసు.

ఈ పని మొదలుపెట్టాలనుకునే ఆడోళ్లు నన్ను అడిగేది తిండి గురించి, అడ్వాన్సు గురించి. మెట్ల గురించి ఎవరూ అడగరు. అందుకే ఈ సంగతి రాస్తున్న.

ఆ బిల్డింగు కట్టించింది సుధాకర్ సేటు. కొన్ని ఫ్లాట్లు అమ్మిండు. కింది దుకాణాలు, నేనుండే రెండు ఫ్లాట్లు మాత్రం ఆయనవే. బిల్డింగుకు మెట్లు రెండు దిక్కుల ఉన్నయి. ముందటివి అందరం ఎక్కి దిగేవి. వెనుక మెట్లకు కింద షట్టర్ బిగించి, చెప్పుల హోల్‌సేల్ చేసే ఖాదర్ భాయ్‌కి గోదాముగా ఇచ్చిండు సేటు. కింది నుంచి మొదటి అంతస్తు దాకా అట్టపెట్టెలే. మా అంతస్తులో ఆ మెట్లకు పోయే తలుపుకు తాళం. చేరిన కొత్తలో అడిగితే, "ఆడపిల్లలున్న జాగ. రెండు దార్లుంటే దొంగలకు సులువు. ఒక్కటే మంచిది అమ్మా" అన్నడు. పిల్లల తల్లిదండ్రులకు కూడా ఆ మాట నచ్చింది.

ఒక పొద్దున పిల్లలు ఉప్మా తింటుండగా కింద మీటర్ బోర్డు అంటుకున్నది. మీటర్ బోర్డు అంటే అన్ని ఫ్లాట్ల కరెంటు మీటర్లు ఒక్క దగ్గర బిగించే పలక. మా బిల్డింగులో అది ముందటి మెట్ల కిందనే ఉన్నది. నల్లటి పొగ మెట్ల వెంట మనిషి ఎక్కినట్టే ఎక్కి వచ్చింది. పచ్చడి నూరే బండతో వెనుక తలుపు తాళం పగలగొట్టిన. కిందికి పోతే పెట్టెల గోడ అడ్డం. ఇక పైకే దారి. చున్నీలు తడిపి ముక్కులకు కట్టుకొని దాబా మీదికి ఎక్కినం. ఫైర్ ఇంజన్ వచ్చి ఆర్పేదాకా ఆ ఎండలో అక్కడనే కూర్చున్నం.

చివర వచ్చింది రేవతి. దవాఖాన ల్యాబ్‌లో పనిచేసే పిల్ల. స్నానాల గదిలో ఉండి ఆలస్యమై పొగ మింగింది. తను పనిచేసే దవాఖానలోనే మంచం ఎక్కింది. బతికింది, దేవునికి స్తోత్రం. కాని నా కండ్ల ముందట ఆ పిల్ల పెదాలు నీలంగా అయినయి. అది చూసినంక నాకు ఎవని దగ్గరా మొహమాటం మిగలలే.

ఫైర్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి అంతా తిరిగి చూసిండు. రెండో దారి ఉండాలె, మీటర్ బోర్డు మార్చాలె, ప్రతి అంతస్తులో మంట ఆర్పే సిలిండర్లు పెట్టాలె, లేకుంటే ఎన్‌ఓసీ ఇయ్యనన్నడు. ఎన్‌ఓసీ అంటే మాకేం అభ్యంతరం లేదని వాళ్లు ఇచ్చే కాయితం. అది లేకుంటే హాస్టల్, దుకాణాలు మూసుడే.

ఆ ఆదివారం పార్కింగ్‌లో మీటింగ్ పెట్టిన్రు. నేను చర్చి నుంచి సక్కగా అక్కడికే పోయిన. అసోసియేషన్ సెక్రటరీ ప్రకాశ్ సారు రెండో అంతస్తులో సొంత ఫ్లాటులో ఉంటడు. లెక్కల మాస్టర్‌గా చేసి రిటైరైండు. నెమ్మదస్తుడు. సేటు చెప్పిన ఉపాయమే ఆయన అందరికీ వినిపించిండు: గోదాము గోదాములెక్కనే ఉంటది, బయట గోడకు కొత్తగా ఇనుప మెట్లు కట్టిద్దాం, ఖర్చు అందరం పంచుకుందాం.

"వినాయక చవితికి తలా ఇంత వేసుకుంటలేమా, గట్లనే," అన్నడు సారు. "మిగిలినోళ్లది ఫ్లాటుకు ఇంత. హాస్టల్‌ది మాత్రం తలకు ఇంత. మీ దగ్గర మంది ఎక్కువ కదమ్మా. మెట్లు అరిగేది మీ పిల్లలతోటే."

"అరిగినయని ఎన్నడన్న బాగుచేసిన్రా సారూ?" అన్న.

సేటు నవ్వి అందుకున్నడు. "అమ్మ చర్చికి పోయే మనిషైనా గణపతి చందా ఏనాడు ఆపలే. దీనికి ఆపుతదా?"

అందరు నవ్విన్రు. నేను నవ్వలే.

"ఔ సేటు. గణపతికి ఇస్త. అది చందా. ఇచ్చెటోళ్ల ఇష్టం, అడిగెటోళ్ల భక్తి. ఇది చందా కాదు, బాకీ. బాకీ చేసినోడు కట్టాలె. నా దగ్గర ఒక్క రూపాయి లేదు దీనికి."

"బాకీ ఏంది? నేనెవరికి బాకీ?"

"ఆ వెనుక మెట్లకు."

ఖాదర్ భాయ్ మోటర్ సైకిల్‌కు ఆనుకొని నిలబడి ఉన్నడు. ఆయన దిక్కు తిరిగిన. "భాయ్, ఆ జాగకు నెల నెలా కిరాయి ఎవరికిస్తున్నవు?"

"అరే అమ్మా, నన్నెందుకు నడుమల గుంజుతవు? సేటుకే ఇస్త. ముఫ్త్‌ల ఎవరిస్తరు ఈ రోజుల్ల?"

అది అందరికీ తెలిసిన సంగతే. నోటితో ఎవరూ అనలే, అంతే. అన్నంక పార్కింగ్‌లో గాలి మారింది. మెట్లు కామన్ ఏరియా, అంటే ఫ్లాటు కొన్నోళ్లందరికీ వాటా ఉన్న జాగ. తమ జాగను ఇంకొకడు కిరాయికిచ్చుకొని, దానికి బదులు కొత్త మెట్లు తమ పైసలతోనే కట్టిస్తున్నడని అప్పుడు తట్టింది వాళ్లకు.

"ఆ కిరాయితోనే దాబా కారకుండ చేయించిన!" అని సేటు లేచిండు. "నీతులు చెప్తున్నవు గని, నీ గ్యాస్ బండలు వరండాల లేవా?"

"ఉండె. పొగ వచ్చిన మర్నాడే తీయించిన. కొత్త పైపులు నావి, రెగ్యులేటర్లు నావి. నా ఫ్లాట్లల్ల మంట ఆర్పే సిలిండర్లు కూడ నేనే కొంట. నా పొయ్యికి నేను పెట్టుకుంట. నీ షట్టర్‌కు నువ్వు పెట్టు."

"మరి మీటర్ బోర్డు?" ప్రకాశ్ సారు గొంతు తగ్గించి అడిగిండు.

"దానికీ నేను ఇయ్య. కిరాయికుండేటోడు పోయేటోడు సారూ. గోడ, తీగ, మెట్టు ఉండేవి. ఉండేవాటికి ఉండేటోళ్లు పెట్టాలె."

"నేను పింఛన్ మీద బతికేటోణ్ణి అమ్మా."

ఆ మాట నిజం. నాకు బాధ కాలేదని అనను. అయినా తగ్గలే. "నీ ఫ్లాటు ధర పెరిగితే అండ్ల నాకు వాటా ఇస్తవా సారూ? ఇయ్యవు. అట్లనే తీగల ఖర్చు కూడ నీదే. ఒక్కసారి కాకుంటే మెల్లమెల్లగ కట్టు. ఎవరొద్దంటరు?"

సారు తల ఊపి, "లెక్క కుదిరిందమ్మా," అన్నడు.

సేటుకు మాత్రం కుదరలే. "నెలాఖరుకు ఖాళీ చెయ్యి," అన్నడు అందరి ముందట.

"చేస్త. ఎందుకు ఖాళీ చేస్తున్ననో ప్రతి పిల్ల ఇంటికి నేనే ఫోన్ చేసి చెప్త. తర్వాత ఆ మంచాల మీద ఎవరిని పండబెట్టుకుంటవో నువ్వే చూసుకో."

అన్నట్టే ఫోన్లు చేసిన. మా పనిలో ఇది తలకాయ లేని పని. బెడ్డు ఖాళీ అయితే నష్టం నాకే. చాలామంది పిల్లలను తీసుకపోయిన్రు. మంచాలు బోసిపోయినయి, బియ్యం సగానికి తగ్గించిన, వంటామెకు జీతం నా దాచుకున్నదాంట్లకెళ్లి ఇచ్చిన. ఒక తండ్రి మాత్రం, "వెనుక తాళం తీసేస్తే దొంగల భయం కదమ్మా?" అని అడిగిండు.

"దొంగ వస్తే పిల్ల అరుస్తది బాబూ. పొగ వస్తే అరవనీకె ఊపిరుండదు," అన్న.

రేవతి దవాఖాన నుంచి వచ్చి పెట్టె సర్దుకున్నది. వాళ్లమ్మ నన్ను చూడనే లేదు, గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డది. ఆమెను నేను తప్పుపట్టను. పోయేటప్పుడు రేవతి, "వెనుక దారి తెరిచినంక చెప్పు అమ్మమ్మా. వస్త," అన్నది. గొంతు ఇంకా బొంగురుగనే ఉన్నది.

నెలాఖరు వచ్చింది. నేను ఖాళీ చేయలే. "మెట్లు తెరువు, మర్నాడే పోత," అని సేటుకు చెప్పిన. ఈలోపు ఫ్లాట్లోళ్లు ఇనుప మెట్లకు పైసా ఇయ్యమని తేల్చిన్రు. ఫైర్ ఆఫీసాయన రెండోసారి వచ్చి దుకాణాలు మూయిస్తనన్నడు. అక్కడ కదిలిండు సేటు. ఖాదర్ భాయ్ ఉస్మాన్‌గంజ్‌లో వేరే గోదాము చూసుకున్నడు. షట్టర్ ఊడబీకిన ఖర్చు, లోపలి నుంచి నెడితే తెరుచుకునే తలుపుల ఖర్చు, అంతా సేటే పెట్టిండు. మీటర్ బోర్డు ఖర్చు ఫ్లాట్ల ఓనర్లు సమానంగా పెట్టుకున్నరు. ప్రకాశ్ సారు నెల నెలా కొంత కట్టిండు. నా ఫ్లాట్లకు రావలసిన వాటా కూడా సేటుదే.

పిల్లలు ఒక్కొక్కరే మళ్ల వచ్చిన్రు, రేవతి కూడ. సేటు నన్ను మళ్ల పొమ్మనలే, నేనూ పోలే గని, తర్వాతి ఏడు కిరాయి బాగనే పెంచిండు. కోపంతో పెంచిండని తెలుసు. ఇచ్చిన. ఇల్లు ఆయనది, అడిగే హక్కు ఆయనకున్నది. మెట్లు ఆయనవి కావు.

ఇప్పుడు నాంపల్లి దిక్కు హాస్టళ్లు నడిపే ఆడోళ్లు నా దగ్గరికి వస్తరు. మా ఓనర్ గూడ తలా ఇంత అంటున్నడు, ఏం చేయమంటవు అమ్మా, అని అడుగుతరు. నేను చెప్పేది ఒక్కటే. మీ పొయ్యి, మీ గ్యాస్ బండ, మీ తీగ ముందు మీరు సరిచేసుకోండ్రి. ఆ తర్వాత మీ దారిని అమ్ముకొని తిన్నదెవరో పేరు పెట్టి, నలుగురిలో అడుగుండ్రి. అప్పటిదాకా ఒక్క రూపాయి ఇయ్యకుండ్రి.

"కొట్లాట అయితది కదమ్మా," అంటరు.

అయితది. పొగలో దగ్గేదాని కంటే పార్కింగ్‌లో కొట్లాడేదే మేలు.