అంచు మీద కుట్టుగది

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. అందరూ కత్తెరమ్మ అనేవారు. బట్టలు కుడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు గానీ, అసలు కారణం ఆవిడ నోరు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని నిలబెట్టి, "నిరుటి టేపు చాలదు నీకు" అని మొహం మీదే అనేసేది. ఆ నోట్లో నోరు పెట్టి బాగుపడినవాళ్ళు లేరు. అయినా కుట్టు బాగుంటుంది కాబట్టి, తిట్లు తింటూనే వచ్చేవారు.

ఇల్లు ఊరి చివర ఎత్తైన మిట్ట మీద. మిట్ట అంచున జనం సాయంత్రాలు నడిచే కాలిదారి, దాని కింద నిలువునా కోసుకుపోయిన రాతిగోడ, ఆ కింద మలుపు తిరిగే నది. ఇంటి వెనక, అంచున ఆ కాలిదారిని ఆనుకుని కుట్టుగది ఉండేది. పోయిన భర్త తన చేతులతో కట్టిన గది. దారం ఎక్కించేటప్పుడు ఆవిడకి వెలుతురు బాగా రావాలని నదివైపు పెద్ద కిటికీ పెట్టాడు.

ఆ అంచు మీద మరిది కన్ను పడింది. ఆయనది ఇళ్ళు కట్టి అమ్మే వ్యాపారం. మిట్టని ముక్కలుగా కోసుకు తింటున్న పెద్దమనుషుల్లో ఒకడు. అప్పటికే కట్టిన మేడల బరువుకి, వానల్లో మిట్టకి ఊరివైపు చరియ ఒకటి విరిగి కింద వీధిలో బడ్డీకొట్టు మీద పడింది. అదేం పట్టనట్టు, అంచున పాడుబడిన బంగళా ఒకటి కొని, మరమ్మతు పేరుతో ఏడంతస్తులు లేపడానికి సిద్ధమయ్యాడు. లేస్తే కాలిదారీ పోతుంది, ఊరికి నదీ కనబడదు.

అక్కడొక పద్ధతుంది. మిట్ట మీద ఏం కట్టాలన్నా ముందు గడకర్రలు పాతి, రాబోయే ఎత్తున ఎర్రగుడ్డలు కట్టాలి. జనం చూసి, అభ్యంతరముంటే పురపాలక సభలో చెప్పుకుంటారు. ఆ గుడ్డలు కుట్టే పని మరిది తెచ్చి వదిన చేతిలోనే పెట్టాడు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

"చిన్నవి చాలు వదినా, రిబ్బను ముక్కల్లా. ఎర్రగా ఉండాలని రూలుంది గానీ, ఎంత ఉండాలో లేదు."

"అలాగే" అంది కత్తెరమ్మ.

ఆవిడ అంత మెత్తగా అలాగే అన్నప్పుడే ఆయన భయపడాల్సింది. దుప్పట్లంత గుడ్డలు కుట్టి, మూటకట్టి నేరుగా కూలీలకే ఇచ్చింది. తెల్లారేసరికి ఆకాశంలో ఏడంతస్తుల ఎత్తున ఎర్రటి పెట్టె. వంతెన మీద బస్సులాపి మరీ చూశారు. మరిది ఒంటికాలి మీద వచ్చాడు.

"నా పరువు తీశావు వదినా."

"నువ్వు కట్టబోయే ఎత్తే కదా చూపించాను. సిగ్గేస్తే తగ్గించుకో."

సభ రోజు హాలు కిక్కిరిసింది. మరిది తరపు వకీలు లేచి, అంచున కట్టకూడదన్న నిబంధన కొత్త కట్టడాలకే గానీ పాత బంగళాకి వర్తించదని తీరిగ్గా చెప్పాడు. కత్తెరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే మార్చి రాయండి. అంచుకి ముప్పై అడుగుల లోపల పాతదైనా కొత్తదైనా, ఎవరిదైనా, ఒక్క గోడ ఉండకూడదని రాయండి."

హాలంతా చప్పట్లు. సభ ఆ మాటల్నే తీర్మానంగా తీసుకుని, వచ్చే సమావేశంలో ఖాయం చేస్తామంది. మరిది మాత్రం నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ నవ్వెందుకో ఇంటికొచ్చి కుట్టుగది తలుపు తీశాక అర్థమైంది. కిటికీలోంచి చెయ్యి చాపితే కాలిదారి, అది దాటితే అంచు. కోపంలో ఊరందరి గోడలూ గుర్తొచ్చాయి గానీ తన గోడ గుర్తు రాలేదు. ఆ గదిని ఆవిడ ఏనాడూ కట్టడమనుకోలేదు, మొగుడే అనుకుంది. మెషిను మీద తలపెట్టి ఏడ్చింది. చేజేతులా చేసుకున్నానని తనని తానే తిట్టుకుంది.

మర్నాడే మరిది దిగాడు.

"'పాతదైనా' అన్న ఒక్క మాట వెనక్కి తీసుకో వదినా. కోపంలో అన్నానని చెప్పు చాలు. నీ గదీ ఉంటుంది, నా బంగళా ఉంటుంది. అన్నయ్య కట్టిన గది అది. నేనూ ఇటుకలు మోశాను."

"మోశావు. అప్పుడు మనిషివి."

మిగిలిన ఎర్రగుడ్డ తీసి తన కిటికీకే కట్టింది. పెరట్లోంచి గునపం తెచ్చింది.

"నా గదే పడ్డాక నీ బంగళాని ఎవడు కాపాడతాడో చూస్తాను."

"నీకు పిచ్చి పట్టింది."

"పట్టింది. అడ్డు లే."

పొడిచింది. ఇటుక కదల్లేదు. మళ్ళీ పొడిచింది. మొగుడి కట్టుబడి గట్టిది. అరచేతులు చిట్లి రక్తం కారుతుంటే చూడలేక, మరిది తిట్టుకుంటూ గునపం లాక్కున్నాడు. అన్న కట్టిన గోడని తమ్ముడే పడగొట్టాడు. పడేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తీర్మానం ఖాయమైంది, బంగళా కూడా పోయింది. ఇప్పుడు కాలిదారి కుట్టుగది ఉన్నచోటిని కూడా కలుపుకుని వెడల్పయింది. కత్తెరమ్మ మెషిను వీధిగదిలో, నదికి వీపు పెట్టి ఉంది. మరిది ఎదురైతే పక్కకి ఉమ్మి పోతుంది. ఆవిడ పుణ్యమా అని దారి మిగిలిందని, ఎంత బాగుందో అని ఎవరైనా మెచ్చుకుంటే, కుట్టు ఆపకుండానే జవాబిస్తుంది.

"మీరు నడిచేది మా ఆయన మీద. చూసి అడుగెయ్యండి."